ఒకే గాదెయందలి విత్తనము



ఊరి విత్తనమంతయు నొకే గాదెలో నుంచి, దాని ప్రక్కనే పొయ్యి పెట్టువాడు మన గ్రామములలో నెవ్వడును లేడు. కాని అమెరికా దేశమున జరుగుచున్న యొక వ్యవహారము దాదాపు ఇట్టిదే.

నెవాడా రాష్ట్రమున ఎస్మరాల్డా కౌంటీయందు రయోలైట్ రిడ్జ్ అను ఎడారికొండ ప్రాంతము కలదు. అచటి పాలిపోయిన బంకమట్టిలో టీమ్స్ బక్‌వీట్ అను చిన్న మొక్క పెరుగును. నేలనంటిన ఆకులు, లేతపసుపు పూగుత్తులు దాని గుర్తులు. 1983లో ఆర్నాల్డ్ టీమ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. లోకమంతటను ఇది సహజముగా పెరుగు నేల సుమారు 10 ఎకరములు మాత్రమే; అనగా మన గ్రామములలో నొక రైతు కమతమంత.

ఆ మట్టియందే లిథియము, బోరాను మెండుగా నున్నవి. సెల్‌ఫోనులకును, విద్యుత్తు బండ్లకును లిథియము కావలయును. కావున నొక కంపెనీ అచట గని త్రవ్వబూనినది. ఇంతలో 2020లో ఎలుకజాతి జంతువులు వేలకొలది మొక్కలను కొరికి పాడుచేసెను. 2022 డిసెంబరులో ప్రభుత్వము దీనిని అంతరించు ప్రమాదమున నున్న జాతిగా ప్రకటించి, 910 ఎకరములను దాని మనుగడకు ముఖ్యమని నిర్ణయించెను. అయినను 2024 అక్టోబరులో ఆ ప్రభుత్వమే గనికి అనుమతి యిచ్చెను. మొక్కలున్న తావులను త్రవ్వబోమని కంపెనీ చెప్పుచున్నది. కాని ఆ 910 ఎకరములలో ఇంచుమించు అయిదవ వంతు చెదరును.

మొక్కను విడిచితిమి గదా యనుట చాలదు. ఈ పూవు చక్కగా విత్తు కట్టుటకు తేనెటీగలు, కందిరీగలు మున్నగునవి తోడ్పడవలయును. అవి చుట్టుప్రక్కల నేలలో బ్రతుకును. ఈగ వాలని సొరపాదు పిందె నిలుపదని మన మెరుగుదుము.

లిథియము వలదని నా వాదము కాదు. అది ఆస్ట్రేలియా, చిలీ దేశములలోను దొరకును. ఈ మొక్క మరెచ్చటను దొరకదు. రెంటిలో దేనికి బదులున్నదో దానినే వేరుచోట వెదకుకొనుట న్యాయము.

మన కర్తవ్యమును కలదు. పైరు పూతమీద నున్నప్పుడు పురుగుమందు కొట్టకుడు. గట్లమీది పూమొక్కల నన్నింటిని కాల్చివేయకుడు. బంజరు దున్నుటకు సంఘము తీర్మానించు ముందు, అచట తప్ప మరెచ్చటను కానరాని మొక్క యేదైన కలదా యని పసులకాపరులను, మూలికలెరిగిన పెద్దలను అడుగుడు. ఇందులకు కాసైన ఖర్చు లేదు. నశించిన విత్తనమును మాత్రము ఏ బ్యాంకును అప్పు ఇయ్యజాలదు.