బండి లోపల, బండివాడు బయట

గురుగ్రామ్‌లో ఓ ఖరీదైన కేఫ్. ఇటుక గోడల మీద న్యూయార్క్ వీధుల పేర్లు, మూలన ఓ చక్రాల బండి. అది కదలదు, అలంకారం కోసం పెట్టింది. మెనూ నిండా అమెరికా వీధి తిండే: హాట్‌డాగ్, టాకో, స్లైడర్.

రుచికి వంక పెట్టలేం. వేడి బన్ను, చికెన్ సాసేజ్, ఆవ ఘాటు, పైన వేయించిన ఉల్లి. కాకపోతే నిలబడి, వేళ్లకు సాస్ అంటించుకుంటూ తినాల్సిన దానికి ఇక్కడ కత్తి, ఫోర్కు ఇచ్చారు. బిల్లు వచ్చాక ఇది వీధి కాదన్న సంగతి పూర్తిగా అర్థమైంది.

నిజానికి ఈ తిండిది పేద పుట్టుక. పోలండ్ నుంచి వలస వచ్చిన నాథన్ హాండ్‌వెర్కర్ 1916లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో ఐదు సెంట్లకే హాట్‌డాగ్ అమ్మాడు. కొరియా మూలాలున్న రాయ్ చోయ్ 2008లో లాస్ ఏంజెలెస్ వీధుల్లో ట్రక్కు మీద టాకోలు అమ్మి పేరు తెచ్చుకున్నాడు. వలసజీవి పొయ్యి వెలిగించిన చోటే అమెరికా వీధి రుచి పుట్టింది.

గురుగ్రామ్ వలసజీవి మాత్రం అద్దాల తలుపుకు అవతలే ఉన్నాడు, ఛోలే కుల్చా బండితో. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. అయినా అతని చూపు సగం పెనం మీద, సగం రోడ్డు మీద.

వీధి రుచిని ఏసీ గదిలోకి తెచ్చుకున్న నగరం, వీధిలో వండేవాడికి ఆరడుగుల చోటు చూపించలేదా? బయటికొచ్చి ఓ కుల్చా తిన్నాను. చేతులకు నీళ్లు కూడా అతనే పోశాడు.