పాత ఇంజనును ఏల ఉంచుకొనవలెను?

ఐ.పోలవరము నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ మా బల్లమీద చాల దినములుగా నున్నది. వ్రతములు, వంటలు, పసిపిల్లల దగ్గు, అత్తాకోడండ్ర పట్టింపులు, వీనిని గూర్చి అడుగువారికి జవాబు చెప్పుట మాకు అలవాటే. ఈ లేఖ అట్టిది కాదు. ఆమె భర్త విశాఖపట్టణమున రైల్వేవారి డీజెలు షెడ్డులో ముప్పది యేండ్లకు పైగా ఫిట్టరు పని చేసి, విశ్రాంతి పొంది, స్వగ్రామమునకు వచ్చి చేరినారు. తాము ఎన్నియో మార్లు విప్పి బిగించిన ఇంజనొకటి పాత ఇనుము క్రింద వేలమున పోయి ముక్కలైనదని తోటి పనివారొకరు ఫోనులో చెప్పగా, ఆనాటి రాత్రి ఆయన అన్నము ముట్టలేదట. కుమారుడు నవ్వినాడట. "ఇనుపముక్కకు మైల పట్టుదురా నాన్నా?" అన్నాడట.

ఆ సోదరి ఇట్లు వ్రాసినది: "ఆ ఇంజనుల నూనెమరకలను నేను ముప్పది యేండ్లు ఉదికితిని. అవి యెట్టివో నేను ఎక్కి చూడలేదు గాని, ఆయన నీలిచొక్కా వాసనను బట్టి ఆనాడు ఏ పని చేసివచ్చినదియు చెప్పగలను. ఆయన వ్రాసికొన్న నోటుపుస్తకములు, పనిముట్ల పెట్టె అటకమీద ఉన్నవి. పండుగకు ఇల్లు దులుపుచు, వానిని పాత సామానులవానికి వేయుదమని కోడలు అనుచున్నది. ఇంజనుకొఱకు దుఃఖించుట తగునా? ఆ పెట్టెను నేనేమి చేయవలెను?"

ఆ ప్రశ్నలు రెండును ఒకటే యని మాకు తోచుచున్నది.

ఐ.పోలవరమును ఎఱుగని పాఠకురాండ్రకు ఒక మాట. గోదావరి ఒడ్డుననే మఱియొక పోలవరము ప్రసిద్ధమై యుండుటచే, గౌతమీ పాయల నడుమ లంకలోనున్న ఈ గ్రామమును ఐలెండు పోలవరమనిరి. ఆ 'ఐ' ఒక్కటే నేడు పేరున మిగిలినది. ఈ ఊరికి నీరు సమృద్ధి, కొబ్బరి సమృద్ధి. రైలు మాత్రము లేదు. ఈ ఊరికే కాదు, కోనసీమ కంతకును లేదు. గౌతమి కావలియొడ్డున కోటిపల్లి వఱకు కాకినాడ నుండి 1928లో పట్టాలు వేసిరి. 1940లో యుద్ధమునకు ఇనుము కావలెనని ఆ పట్టాలనే ఊడదీసికొని పోయిరి. అరువది యేండ్లు దాటిన పిమ్మట, 2004లో, ఆ మార్గము మరల తెఱవబడినది. దానిమీద ఒక్క పెట్టెతో డీజెలు రైలుబస్సు నడచినది. ముక్తేశ్వరము రేవున పంటు ఎక్కి గౌతమి దాటి, దానిని చూచుటకే పిల్లలను తీసికొనిపోయిన తల్లులను మేమెఱుగుదుము.

కోటిపల్లి నుండి అమలాపురము మీదుగ నరసాపురమునకు వేయదలచిన మార్గమునకు నదులలో స్తంభములు లేచినవి. ఆ బండి కోనసీమకు వచ్చుననియే మా నమ్మకము. కాని దేశమున వెడల్పు పట్టాల మార్గములలో ఇంచుమించు అన్నియు విద్యుత్తు తీగల క్రిందికి వచ్చినవి. కావున ఈ లంకలలోనికి రైలు వచ్చునాటికి అది విద్యుత్తు ఇంజనుతోనే వచ్చును. ఆవిరి యుగము కోనసీమను తాకకయే పోయినది. డీజెలు యుగమును అట్లే పోవుచున్నది. ఆ ఫిట్టరు గారి మనుమలు తాతగారి ఇంజనును తమ నేలపై ఎన్నడును చూడబోరు.

అయినను డీజెలు ఇంజను మన ఇండ్లకు అపరిచితము కాదు. కరెంటు రాకమునుపు ఊరి బియ్యపుమిల్లులో డుబుడుబుమని మ్రోగిన ఆయిలింజను దాని చుట్టమే. ఆ మ్రోత వినబడిన నాటినుండియే గదా మన అవ్వల చేతులకు రోకటిపోటు తప్పినది! తెల్లవారకముందే లేచి వడ్లు దంచి, చెఱిగి, ఆపైన పొయ్యి ముట్టించిన స్త్రీలకు ఆ యంత్రము చేసిన మేలు ఏ గ్రంథమునను వ్రాయబడలేదు. దానిని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజెలు జర్మను దేశీయుడు. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన యంత్రమును జయప్రదముగ నడిపి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున అట్టి ఇంజనొకటి వేరుసెనగనూనెతో నడచినదనిన, మూకుడులో కాగు నూనెకు ఇంత బలమున్నదా యని మన పాఠకురాండ్రు ఆశ్చర్యపడవచ్చును. పాపమాయన 1913లో ఓడమీద ఇంగ్లండుకు పోవుచు ఒక రాత్రి కనబడకుండ పోయెను. తన యంత్రము రైళ్లను లాగుట లోకమంతట స్థిరపడిన కాలమును ఆయన చూడలేదు.

మన దేశమున పెద్దమార్గములకు డీజెలు ఇంజనులు 1957 మొదలు అమెరికానుండి వచ్చినవి. ఆ మొదటి తరగతివి నూరు. 1962లో వచ్చిన రెండవ తరగతియే, రైల్వేవారి భాషలో డబ్ల్యూ.డి.ఎం.2, మన చిన్ననాటి ఇంజను. 1964 నుండి దానిని వారణాసిలోనే చేయసాగిరి. 1998 వఱకు రెండువేల యేడువందలకు పైగా చేసిరి. పదునాఱు సిలిండర్లు, 2600 గుఱ్ఱముల బలము, నూటపండ్రెండు టన్నులకు పైబడిన బరువు. దానిలోని డీజెలు యంత్రము చక్రములను నేరుగా త్రిప్పదు. అది ఒక జనరేటరును త్రిప్పి కరెంటు పుట్టించును. ఆ కరెంటు ఇరుసు కొకటిగా అమర్చిన మోటార్లకు పోయి చక్రములను నడుపును. తన వంటకు తానే కట్టెలు కొట్టుకొను ఇల్లాలివంటి దన్నమాట.

ఆ సోదరి భర్త పనిచేసిన విశాఖపట్టణపు షెడ్డు 1965లో ఏర్పడినది. బైలదిల్లా కొండలనుండి ఇనుపరాతిని రేవునకు దింపుటకై ఆ దశకముననే కొత్తవలస నుండి కిరందులు వఱకు పట్టాలు వేసిరి. అరకు దారిలో ఆ సొరంగముల వరుసను చూచినవారు ఎఱుగుదురు. ఆ మార్గమున సొరంగములు ఏబదియెనిమిది. 1980 తరువాత అచ్చటికి విద్యుత్తు తీగలు వచ్చువఱకు ఆ రాతిబండ్లను కొండలలో లాగినది డీజెలు ఇంజనులే. ఆ పొగలో, ఆ వేడిలో, రాత్రింబవళ్లు వానిని బాగుచేసినవారి భార్యలు ఎన్ని వేల చొక్కాలు ఉదికియుందురో!

ఇప్పుడు ఆ కాలము ముగిసినది. వారణాసి కర్మాగారము విద్యుత్తు ఇంజనులు చేయుచు 2020లో పేరును మార్చుకొనినది. డీజెలు షెడ్లు పెక్కింట నేడు విద్యుత్తు ఇంజనులనే బాగుచేయుచున్నారు. ఇంకను పనికివచ్చు కొన్ని ఇంజనులు పొరుగుదేశములకు పోయినవి. 2020లో బంగ్లాదేశమునకు పది ఇచ్చిరి. తక్కినవి వేలమునకు వచ్చుచున్నవి. అమ్మా, మీ అబ్బాయి మాటయు త్రోసివేయదగినది కాదు. నూనె పరదేశమునుండి కొనవలెను. పొగ ఊపిరికి చెఱుపు. పాత ఇంజనును ఉంచుడనుట దానితో మరల బండ్లు లాగింపుడనుట కాదు. అన్నింటిని దాచుడనుటయు కాదు. రెండువేల యేడువందలలో పది నిలిచిన చాలును. కాని ఆ పది యెక్కడ?

వారణాసిలో మొదట తయారైన ఇంజను 'కుందన్' అను పేరుతో ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమున ఉన్నది. అది మంచిపని. ఇతర తావుల కొన్నింటిని రంగువేసి దిమ్మెలమీద నిలిపినారు. 1957 నాటి నూరింటిలో మిగిలినవి వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆవిరి ఇంజనుకు ఈ దురవస్థ పట్టలేదు. 1855 నాటి ఫెయిరీ క్వీనును జనులు బారులు తీరి చూచిరి. ఆవిరి ఇంజను అవయవములన్నియు బయటనే కనబడును. నిలిచియున్నను అది చూడముచ్చటయే. డీజెలు ఇంజను అట్లు కాదు. మూత వేసిన పెట్టె అది. మ్రోగినప్పుడే దానికి ప్రాణమున్నట్లు తెలియును. ముసలిదై పూజ్యము కాలేదు, పడుచుదై పనికిరాలేదు. నడివయసున చేతనున్న నగలకై చంపబడినట్లు, లోపలి రాగితీగల వెలకై అది కోయబడుచున్నది.

దానిని దాచుటయు కష్టమే. ఆఱునెలలు నడపక మూలనుంచిన కుట్టుమిషను ఏమగునో మన మెఱుగుదుము. డీజెలు ఇంజను సంగతియు అంతే. నిలిపియుంచిన రబ్బరుగొట్టములు ఎండి పగులును. బ్యాటరీలు చచ్చును. మోటారు చుట్టలలో చెమ్మ చేరును. తీరప్రాంతపు ఉప్పుగాలి సందు చిక్కినచోట నెల్ల త్రుప్పు పట్టించును. పైని రంగు మిలమిలలాడుచుండగనే లోపల పిస్టను సిలిండరునకు కఱచుకొనిపోవును. కొంతకాలమున కొకమారైనను నూనె ఎక్కించి త్రిప్పనిదే అది నిలువదు. అందుకు నూనెయొక్కటియే చాలదు. దానిని ఎట్లు త్రిప్పవలెనో తెలిసిన చేయి కావలెను.

ఇంగ్లండున డెల్టిక్ అను ఇరువదిరెండు డీజెలు ఇంజనులు 1961 మొదలు లండను ఎడింబరోల నడుమ వేగవంతపు బండ్లను లాగినవి. 1982 జనవరి నాటికి వానిని తీసివేసిరి. దానికి ముందే, 1977లో, వాని మ్రోతను ప్రేమించిన సామాన్యజనులు ఒక సంఘముగా కూడి చందాలు వేసికొనిరి. ఇంజనులను కొనుటతో ఊరకుండక, విడిభాగములను గూడ కొని దాచుకొనిరి. ఇరువదిరెండింట నేడు ఆఱు మిగిలియున్నవి. మూడు ఆ సంఘమువారివే. వారు మనకంటె ధనవంతులగుట నిజమే. కాని వారు కొనిన వస్తువు కంటె దాచిన విద్య గొప్పదని మా అభిప్రాయము. ఏ మరను ఎంత బిగింపవలెను, ఏ శబ్దము దేనికి గుర్తు, పొగ నల్లగా వచ్చిన ఏమి, తెల్లగా వచ్చిన ఏమి, ఈ సంగతులు ముద్రిత గ్రంథములలో కొంతయే యుండును. తక్కినది పనివాని చేతిలోను, ఆతని నోటుపుస్తకమునను ఉండును.

సోదరీ, ఇక మీ అటక సంగతి. ఆ పెట్టెను అమ్మకుడు. స్పానర్లకు కొంచెము నూనె రాచి పాతగుడ్డలో చుట్టుడు. పుస్తకములను ఎండలో పఱచక, నీడన గాలికి ఆఱబెట్టుడు; ఎండకు సిరా వెలిసిపోవును. పుటల నడుమ ఎండిన వేపాకులు వేయుడు, తేమయున్నవి వలదు. వానకాలము రాకమునుపే, మట్టిగోడకు తగులకుండ, మూతగల రేకుపెట్టెలో పెట్టుడు. ఏ పుస్తకము ఏ సంవత్సరమునాటిదో పైన చీటీ అంటింపుడు.

అటుపిమ్మట మధ్యాహ్నము తీరిక వేళ మీవారి ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క పుట చదివింపుడు. పొట్టిమాటలలో ఆయన వ్రాసికొన్నదానిని విప్పి చెప్పుమనుడు. ఆయన చెప్పగా మీరు వ్రాయుడు. ఆ ముక్కలైన ఇంజను నంబరును, అది యేయే దారుల నడచినదియు మొదటి పుటలో వ్రాయుడు. ఏ వాసన ఏ పనికి గుర్తో మీకు తెలిసినదంటిరి గదా, అదియు వ్రాయుడు. అది ఆయనకును తెలియక పోవచ్చును. మీ అబ్బాయి ఫోనులో తండ్రిగారి చేత ఇంజను మ్రోతలను నోటితో అనుకరింపజేసి పట్టి యుంచవచ్చును, నవ్వుచునే చేయనిండు.

ఆ రాత్రి ఆయన అన్నము మానుట తగునా యని అడిగితిరి. తగును. మఱునాడు వడ్డించునప్పుడు ఆ ఇంజను నంబరు అడిగితిరా? అడుగనిచో ఈ రాత్రి అడుగుడు. వ్రాత పూర్తియైన పిమ్మట నకలు ఒకటి మాకు పంపినచో, రెండు మూడు మాసములలో ఈ పుటలలోనే ప్రకటించెదము. అసలు ప్రతిని మాత్రము ఎవ్వరికిని ఇయ్యకుడు, మాకును ఇయ్యకుడు.