అందరికీ ఒకే తూటా

2024 జులై, పారిస్. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ. హర్యానా యువకుడు సరబ్‌జోత్ సింగ్‌కు 577 పాయింట్లు వచ్చాయి. ఎనిమిదో స్థానంలో నిలిచిన జర్మనీ షూటర్‌కు కూడా 577 పాయింట్లే. ఫైనల్‌కు పోయేది ఎనిమిది మందే. పది పాయింట్ల వలయం లోపల ఇంకో చిన్న వలయం ఉంటది. జర్మన్ దాన్ని 17 సార్లు కొట్టాడు, మనవాడు 16 సార్లు. ఒక్క గుండు తేడాతో సరబ్‌జోత్ తొమ్మిదో స్థానంలో ఆగిపోయాడు. మూడు రోజుల తర్వాత మను భాకర్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ పోటీలో కాంస్యం తెచ్చి ఆ కసి తీర్చుకున్నాడు. అది వేరే ముచ్చట.

ఇట్లాంటి దెబ్బ మన హైదరాబాదుకూ తగిలింది. 2008 బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గగన్ నారంగ్ 600కు 595 కొట్టాడు. ఫైనల్లోకి పోవాలంటే అవసరమైన స్కోరు అదే. కానీ సమానంగా వచ్చినోళ్లలో చివరి గుండ్లు ఎవరివి మెరుగని చూసే లెక్కలో బయటికొచ్చాడు. పతకం కోసం 2012 లండన్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇట్లా జరిగిన ప్రతిసారీ మన పత్రికలు రాసే కారణం ఒక్కటే. ఒత్తిడి తట్టుకోలేకపోయాడు. మానసికంగా బలహీనపడింది. ఓడినోళ్ల మనసును పోస్టుమార్టం చేయడం మనకు అలవాటైంది. తుపాకీని, తూటాను ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఒకసారి అడగాలన్నదే ఈ వారం మా ప్రయత్నం.

మొదట కొలతలు చూద్దాం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్లిచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాని మీద కొట్టే సీసపు పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. 50 మీటర్ల రైఫిల్‌లో పది వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. సుమారుగా మన చిటికెన వేలి గోరంత. అక్కడ వాడేది పాయింట్ 22 తూటా. గుండు బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 330 మీటర్ల దరిదాపు. ఒక తూటాకూ ఇంకో తూటాకూ వేగంలో 5 మీటర్ల తేడా వచ్చిందనుకోండి. 50 మీటర్లు పోయేసరికి గుండు పైకో కిందికో మూడు మిల్లీమీటర్లకు పైగా జరుగుతది. షూటర్ చేయి వణకలేదు, కన్ను చెదరలేదు. అయినా పాయింటులో దాదాపు 0.4 పోయింది. ఫైనల్లో దశాంశాలతోనే లెక్క కాబట్టి పోయింది పతకమే కావచ్చు.

ఇంకో చిక్కుంది. ఏ రెండు తుపాకీ గొట్టాలూ ఒక్కలెక్క ఉండవు. ఒకే కంపెనీ, ఒకే నెలలో, ఒకే యంత్రం మీద తయారుచేసినవైనా సరే. ఒక గొట్టానికి నచ్చిన తూటా ఇంకోదానికి నచ్చదు. తూటాలు లాట్ల లెక్కన తయారవుతాయి. డబ్బా రంగు, పేరు, ధర అన్నీ ఒకటే ఉన్నా ఒక లాటుకూ ఇంకో లాటుకూ మందులో, మైనపు పూతలో, గుండు అంచులో వెంట్రుకవాసి తేడా ఉంటది. ఆ తేడా గొట్టంలోకి పోయాక పెద్దదవుతది. అందుకే పెద్ద షూటర్లు తూటా కొనేటప్పుడు బ్రాండు పేరు చెప్పి ఊరుకోరు, లాటు నంబరు చెప్తారు. ఎయిర్ రైఫిల్ వాళ్లకూ అంతే. పెల్లెట్ తల 4.49 మిల్లీమీటర్లా, 4.50 ఆ, 4.51 ఆ అని వెతుక్కుంటారు. బియ్యం కొనేటప్పుడు మనవాళ్లు పిడికెడు తీసి నోట్లో వేసుకుని చూస్తారు కదా, ఇదీ అట్లాంటిదే. కాకపోతే ఇక్కడ నోటికి బదులు ఇనుప వైస్.

తుపాకీని బల్లకు బిగించిన వైస్‌లో కదలకుండా పెట్టి, ఒక్కో లాటు నుంచి కొన్ని తూటాలు కాల్చి, ఏ లాటు గుండ్లు అన్నిటికంటే దగ్గర దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఎలీ కంపెనీ, జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా కంపెనీ దీనికోసమే పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. షూటర్ తన తుపాకీతో పోతాడు, దానికి నచ్చిన లాటు తేల్చుకుంటాడు, ఆ లాటులో దొరికినన్ని కొనుక్కుని వస్తాడు. ఎవరు పోగలరు? విమాన టికెట్టు, వీసా, తుపాకీ వెంట తీసుకుపోయే అనుమతి పత్రాలు, ఒక్కసారే వేల తూటాలు కొనే పైసలు ఉన్నోళ్లు. లేదా జాతీయ జట్టు నీడలోకి వచ్చేసినోళ్లు. మిగతావాళ్లు? క్లబ్బు ఏ డబ్బా చేతికిస్తే అది కాలుస్తారు. తొమ్మిది పడితే తమనే తిట్టుకుంటారు.

తూటాను ఎవరికి వారు చేసుకునే దేశాలూ ఉన్నాయి. అమెరికా, ఇంగ్లండ్ లాంటి చోట్ల దూరపు రైఫిల్ పోటీలు ఆడేవాళ్లు కాల్చిన తూటా ఇత్తడి తొడుగును పారేయరు. దాన్నే శుభ్రం చేసి మళ్లీ నింపుకుంటారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు. ఆ గ్రెయిన్‌లో కూడా పదో వంతు తేడా పట్టే తక్కెడలు వాళ్ల బల్లల మీద ఉంటాయి. గుండును తొడుగులో ఎంత లోతున కూర్చోబెట్టాలో వేలి కొసన కొలుస్తారు. మన కంసాలి బంగారం తూచినంత శ్రద్ధ. తన గొట్టం కోరిన తూటాను తనే వండి పెట్టుకోవడమన్నమాట.

మన దేశంలో అది కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం గానీ మందుగుండు గానీ తయారుచేస్తే నేరం. 2019లో చేసిన సవరణతో శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా పెరిగింది. మేం ఈ చట్టాన్ని సడలించమని అడగడం లేదు. తుపాకీ అనే మాట వినగానే ఆటకన్నా ముందు ఇంకా ఏవేవో గుర్తొచ్చే నేల ఇది. ఇంటింటా మందు కూరే బల్లలు కావాలని బుద్ధున్నవాడెవడూ కోరడు. పైగా పాయింట్ 22 తూటాను మళ్లీ నింపే పద్ధతే లేదు. నిప్పు పుట్టించే మందు దాని అంచులోనే ఉంటది. పిన్ను కొడితే ఆ అంచు నలిగిపోతది. పనైపోయినట్టే. కాబట్టి మన పిల్లలకు తయారుచేసుకునే దారి లేదు. మిగిలింది ఏరుకునే దారి ఒక్కటే. ఆ దారి కూడా పైసలున్నోళ్లకే తెరిచి ఉండటం మీదనే మా పంచాయితీ.

ఇక్కడ ఇంగ్లండ్ చరిత్ర నుంచి ఒక ముచ్చట చెప్పాలె. 1860లో వింబుల్డన్ మైదానంలో అక్కడి జాతీయ రైఫిల్ సంఘం మొదటి పోటీలు పెట్టింది. ఆరంభానికి విక్టోరియా రాణి వచ్చింది. విట్‌వర్త్ రైఫిల్‌ను ముందే ఇనుప చట్రంలో బిగించి, గురి సరిచూసి పెట్టారు. రాణి పట్టుదారం లాగింది. 400 గజాల దూరంలో గుండు నడిమధ్యకు రెండంగుళాల లోపే తగిలింది. జనం చప్పట్లు కొట్టారు. గురి ఎవరిది? రాణిది కాదు, ఆ రైఫిల్‌ను బిగించిన పేరు లేని పనివాళ్లది. పతకాల వెనుక సగం కథ అప్పుడూ ఇప్పుడూ ఇదే.

అదే సంఘం 1890లో బిస్లీకి మారింది. తూటాలు స్వయంగా నింపుకునే అలవాటు బాగా ఉన్న దేశమే అయినా, బిస్లీలో ప్రతి ఏటా జరిగే పెద్ద టార్గెట్ రైఫిల్ పోటీల్లో మాత్రం నిర్వాహకులే తూటాలిచ్చే సంప్రదాయం పెట్టుకున్నారు. ప్రభువుకూ అదే తూటా, ఫ్యాక్టరీ కార్మికుడికీ అదే తూటా. ఎవడి ఇంట్లో మంచి తక్కెడ ఉందన్నది కాకుండా ఎవడు గాలిని బాగా చదివాడన్నది తేలాలని. రాజులు, రాణులు ఉన్న దేశం ఈమాత్రం సమానత్వం పాటించింది. సామాజిక న్యాయం అని మాటకు ముందు మాటకు వెనుక పలికే మన సర్కార్లకు ఇది ఎందుకు తట్టలేదో!

తుపాకీని సరిచేసుకోవడమూ తూటాకు తీసిపోయిన సంగతేం కాదు. గుండు పోతున్న క్షణంలో గొట్టం తీగలెక్క కంపిస్తది. కొందరు షూటర్లు గొట్టం మూతి దగ్గర చిన్న బరువు బిగించి, దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఆ కంపనాన్ని అదుపు చేస్తారు. ట్రిగ్గర్ బరువుకూ నియమముంది. ఎయిర్ పిస్టల్‌లో 500 గ్రాములకు తగ్గొద్దు, 25 మీటర్ల పిస్టల్‌లో కిలోకు తగ్గొద్దు. నియమం దాటకుండా, వేలికి సరిగ్గా అందేటట్టు దాన్ని సవరించి పెట్టే మనిషిని ఆర్మరర్ అంటారు. ఆ మనిషి విలువ ఏంటో 2021 టోక్యోలో తెలిసింది. అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి చాలా సమయం కరిగిపోయింది. మిగిలిన గుండ్లు ఉరుకులు పరుగుల మీద కాల్చి 575 తెచ్చింది. ఫైనల్‌కు రెండు పాయింట్లు తక్కువ. ఆ పందొమ్మిదేళ్ల పిల్లను దేశమంతా ఎట్లా ఆడిపోసుకుందో మరిచిపోయారా? మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే పిల్ల రెండు కాంస్యాలు తెచ్చింది.

2008లో అభినవ్ బింద్రాది దీనికి తలకిందుల కథ. ఫైనల్‌కు ముందు గురి సరిచూసుకునే గుండు కాలిస్తే నాలుగు పడింది. ప్రపంచస్థాయి షూటర్‌కు నాలుగు! తుపాకీ గురి ఎక్కడో తప్పిందని ఆయన వెంటనే పట్టుకున్నాడు. ఉన్న కొద్ది నిమిషాల్లోనే సరిచేసుకున్నాడు. చివరి గుండు 10.8. దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం. బింద్రాకు సొంత ఇంట్లోనే రేంజ్ ఉంది. ఏళ్ల తరబడి తన రైఫిల్‌ను మరమరకూ ఎరిగినవాడు కాబట్టే ఆ నాలుగును చూసి బెదరలేదు. ఆయన పట్టుదలను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ తుపాకీతో అంత పరిచయం పెంచుకునే అవకాశం ఎంతమంది పిల్లలకు ఉంది?

ఇక మన ఇంటి సంగతి. 2022లో నిఖత్ జరీన్‌కూ ఈషా సింగ్‌కూ రాష్ట్ర ప్రభుత్వం చెరో 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. ఇచ్చినందుకు సంతోషమే. మరుసటేడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈషా ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చి ఆ నమ్మకం నిలబెట్టింది. వినికిడి లేని మన హైదరాబాదు పిల్లగాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం కొట్టాడు. అంటే ఈ గడ్డ మీద గురికి కొదవ లేదు. అయితే పైసలు ఎప్పుడొస్తున్నాయి? పతకం మెడలో పడ్డాక. పతకానికి ముందు, అద్దె రైఫిల్‌తో బస్సు దిగి గచ్చిబౌలి రేంజ్‌కు నడిచొచ్చే పిల్లకు తన గొట్టానికి ఏ లాటు నచ్చుతుందో చెప్పేవాళ్లెవరు? ఆదిలాబాద్ నుంచో పాలమూరు నుంచో వచ్చిన పిల్లగాడి ట్రిగ్గర్ గట్టిపడితే చూసేవాళ్లెవరు?

పెద్ద పెద్ద భవనాలు కావాలని అడగడం లేదు. సిమెంటు దిమ్మె మీద బిగించిన ఒక వైస్, వేగం కొలిచే ఒక యంత్రం, జీతం ఇచ్చే ఒక ఆర్మరర్. ఇవి గచ్చిబౌలిలో ఏ పిల్ల వచ్చి అడిగినా పైసా తీసుకోకుండా అందాలె. తూటాలు కొనేటప్పుడు ఎవరి డబ్బా వాళ్లు కొనుక్కునే పద్ధతి మానాలె. క్రీడా ప్రాధికార సంస్థ, రైఫిల్ సంఘం కలిసి నాలుగైదు లాట్ల నమూనాలు ముందు తెప్పించి, పిల్లల తుపాకుల మీద పరీక్షించి, నెగ్గిన లాటును పెద్దమొత్తంలో కొని పంచాలె. లైసెన్సులు, నిల్వ, లెక్కలు అన్నీ సంస్థ పేరు మీదనే ఉంటాయి కాబట్టి చట్టానికి ఇబ్బంది లేదు, పోలీసులకు భయం లేదు. మన పోలీసు బెటాలియన్లలోనే ఆర్మరర్లు ఉన్నారు. వాళ్లలో పని మీద ప్రేమ ఉన్న ఇద్దరిని ఏరి, పోటీ తుపాకుల మీద శిక్షణకు పంపితే ఏం పోతది? విజయోత్సవ సభల్లో ఒక్క స్టేజీకి అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ 2028లో. గొట్టానికి లాటు కుదరాలన్నా, ఆ లాటు మీద పిల్ల చేయి కుదరాలన్నా టైం పడుతది. వచ్చే బడ్జెట్‌లో ఈ వైస్‌కు, ఆ ఆర్మరర్‌కు ఒక పద్దు పెడతారా లేదా అన్నది క్రీడల మంత్రి చెప్పాలె.