ఇమ్యూనిటీకి బ్రేకు కూడా కావాలి

మా అమ్మమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్న లేవగానే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, కాఫీ గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమే. మొన్న సెలవులకి వెళ్లేసరికి చుట్టాలెవరో "ఇమ్యూనిటీ పెరుగుతుంది" అంటూ ఒక పొడి డబ్బా ఇచ్చి వెళ్లారట. డాక్టరు రాసిన టోఫాసిటినిబ్ మాత్రేమో ఇమ్యూనిటీని తగ్గించేది. "ఏరా, ఇంతకీ పెంచుకోవాలా, తగ్గించుకోవాలా?" అంది అమ్మమ్మ. జవాబు వెతుకుతూ పోతే జానస్ కైనేజులు తగిలాయి. ముద్దుగా జాక్‌లు.

రోగనిరోధక కణాలు సైటోకైన్లు అనే ప్రోటీన్లతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. సైటోకైన్ కణం పైనున్న రిసెప్టార్‌ని పట్టుకుంటుంది, లోపలికి మాత్రం రాదు. కబురు అందుకునేది రిసెప్టార్ లోపలి కొసని అంటిపెట్టుకుని ఉండే జాక్‌లు. అవి ఒకదాన్నొకటి ఫాస్ఫేట్ తగిలించి మేల్కొలుపుకుని, స్టాట్ అనే ప్రోటీన్లకీ తగిలిస్తాయి. స్టాట్‌లు జంటకట్టి కేంద్రకంలోకి వెళ్లి జీన్లని ఆన్ చేస్తాయి.

నన్ను ఆపేసింది దీని తర్వాతి సంగతి. ప్రతి జాక్‌లో ఒకేలా కనిపించే రెండు భాగాలుంటాయి. అందుకే రెండు ముఖాల రోమన్ దేవుడి పేరు పెట్టారు. ఒకటి పని చేస్తుంది, రెండోది దాన్ని అదుపులో పెడుతుంది. జాక్2లో ఆ రెండో భాగంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే రక్తకణాలు అదుపు తప్పి పెరుగుతాయని 2005లో తేలింది. పైగా స్టాట్‌లు ఆన్ చేసే జీన్లలో జాక్‌లనే ఆపే సాక్స్ ప్రోటీన్లవీ ఉన్నాయి. కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో మనం గీసే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ లూపే ఇది!

అలాగని తక్కువైతే మంచిదనీ కాదు. జాక్3 పని చెయ్యని పసిపిల్లలకి మామూలు ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాంతకమే. జాక్‌లని అణిచే మాత్రలకి గుండెపోటు, క్యాన్సర్, రక్తం గడ్డకట్టే ప్రమాదాల గురించి 2021లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక జోడించింది. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేయించేదీ ఇందుకే.

అందుకే "ఇమ్యూనిటీ బూస్టర్" అన్న మాటతోనే నాకు పేచీ. ఎవరికి, ఎక్కడ, ఎంత అని అడక్కుండా పెంచేస్తామనడం, బ్రేకులు చూడకుండా యాక్సిలరేటర్ తొక్కమనడమే. మనమైనా ఇంట్లో ఈ మాట చెప్పాలి.

నేను చెప్పిందంతా విని అమ్మమ్మ నవ్వింది: "అయితే నాకున్నదే ఎక్కువన్నమాట!" డబ్బా మూత తియ్యలేదు. వచ్చేసారి డాక్టరుకి చూపిద్దామని మందుల సంచీలో పెట్టింది.