బీడీల చాటల దగ్గర మంచి కబురు

ఉద్యోగులు వారానికోసారి కూర్చుని తమ బతుకులోని మంచి సంగతులు చెప్పుకుంటే ఒకరికొకరు దగ్గరవుతారని కంపెనీలు ఇప్పుడు శిక్షణలిస్తున్నాయి. జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఈ పాఠం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒళ్లో చాట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు. నలుగురూ ఒకే అరుగు మీద చేరతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి చేతులు ఆగవు. నోరు ఖాళీయే కదా!

"అక్కా, మా బిడ్డకు స్కాలర్‌షిప్ పైసలొచ్చినయ్" అని ఒకామె అంటే అది ఉత్త సంబరం కాదు. ఏ కాగితాలు పెట్టినవ్, కార్డు ఎక్కడ చూపినవ్ అని పక్కామె అడుగుతుంది. 1976లో చట్టంతో ఏర్పడిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి గురించి ఆఫీసు బోర్డు కన్నా ఈ అరుగే బాగా చెబుతుందని నా నమ్మకం.

అయితే మంచి మాటలే చెప్పాలని షరతు పెడితేనే చిక్కు. సెంటర్లో సగం బీడీలు బాగాలేవని తీసిపారేస్తే, ఆ సాయంత్రం ఆమె ఏం చెప్పుకోవాలి?

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడుకి మాటే వినబడదు. ఆడవాళ్లు కండెలు చుట్టే చోటే కాస్త కబుర్లు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు అక్కడా చెప్పుకోవడానికి మంచి కబురు దొరికింది. 2024లో ఆ చీరలు ఆగాయి, చాలా మగ్గాలూ ఆగాయి. ఆ రోజుల్లో బాకీల మాట ఎత్తొద్దని వాళ్లతో ఎవరనగలరు?