పెదవి ముందు, మాట వెనక

పాత పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌కు ఎక్కించాక బొమ్మకూ శబ్దానికీ పొత్తు కుదరడం లేదా? ముందు జబ్బేదో తేల్చుకోండి. మందు తర్వాత.

సూరత్‌లోని లింబాయత్. మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట వినిపించే ప్రాంతం. నేతపని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. అలాంటి ఒక ఇంట్లో పాతికేళ్ల నాటి పెళ్లి క్యాసెట్‌ను ఈమధ్య ఫైలుగా మార్పించారు. మూడు గంటల వీడియో. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు.

వినాయక పూజ దగ్గర అంతా సవ్యంగానే ఉంది. సగంలో, తలంబ్రాల వేళకు, పురోహితుడి పెదవులు కదిలిన సెకను తర్వాత మంత్రం వినిపించింది. అందరూ నవ్వుకున్నారు. అప్పగింతలు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. పెళ్లికూతురి తండ్రి కూతురి చెయ్యిని అల్లుడి చేతిలో పెట్టి, ఏదో చెప్పి, కండువాతో కళ్లు తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. ఆరు సెకన్ల తర్వాత, ఆయన తెర మీద లేనప్పుడు, ఆయన గొంతు వచ్చింది: ‘‘బిడ్డ పైలం.’’

ఆ తండ్రి ఇప్పుడు లేరు. ఆయన మాట్లాడుతూ కనిపించే వీడియో ఆ కుటుంబానికి అదొక్కటే. పాత టేపు ఇంతేనని స్టూడియో వాళ్లు తేల్చేశారు. అది సగమే నిజం.

వీడియో ఫైలులో బొమ్మ, శబ్దం ఒకటి కావు. ఒకే పెట్టెలో పెట్టిన రెండు వేర్వేరు సరుకులు. వాటిని గడియారం చూసుకుంటూ జోడించడం ప్లేయర్ పని. మార్పిడిలో ఒకదాని లెక్క తప్పితే రెండోది దాన్ని ఆగి అడగదు. తన దారిన తాను పోతుంది.

నేతపని తెలిసినవారికి ఇది కొత్త కాదు. పేక పోగుల సంఖ్య అంతే ఉన్నా అంగుళానికి 24 పడితే గుడ్డ పొడవు ఒకటి, 25 పడితే మరొకటి. వీడియోలో ఫ్రేములే ఆ పోగులు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. మన దేశం అనుసరించిన పాల్ టీవీ పద్ధతిలో 25. అమెరికా పద్ధతిలో 29.97. 24 లెక్కన తీసిన గంట సినిమాను 25 లెక్కన నడిపితే 57 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. శబ్దాన్ని కూడా అదే లెక్కన కుదించకపోతే చివరికి తేడా 2 నిమిషాల 24 సెకన్లు. 29.97ను ఎవరో 30గా గుండ్రం చేసినా గంటకు మూడున్నర సెకన్ల పైనే తేడా వస్తుంది.

కాబట్టి ముందు పరీక్ష. వీడియోలో కళ్లకూ చెవులకూ ఒకేసారి తెలిసే దెబ్బ కోసం వెతకండి. షూటింగుల్లో క్లాప్ కొట్టేది అందుకే. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టడం, డోలు దెబ్బ ఆ పని చేస్తాయి. మొదట్లో ఒకటి, సగంలో ఒకటి, చివర్లో ఒకటి ఎంచుకుని మూడు చోట్లా తేడా కాగితం మీద రాసుకోండి. అంతకు ముందు అదే ఫైలును వేరే ప్లేయర్‌లోనో వేరే టీవీలోనో ఒకసారి నడిపి చూడండి. బ్లూటూత్ స్పీకరు కూడా శబ్దాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. ఆ పాపం ఫైలుది కాదు.

మూడు చోట్లా ఒకే తేడా ఉంటే అదృష్టవంతులు. శబ్దం మొత్తాన్ని ముందుకో వెనక్కో జరిపితే చాలు. వీఎల్‌సీ ప్లేయర్‌లో జె, కె మీటలు ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్ల చొప్పున శబ్దాన్ని జరుపుతాయి. ఒకటి నొక్కితే తేడా పెరిగిందా, రెండోది నొక్కండి. అయితే అది చూస్తున్నంతసేపే. శాశ్వతంగా సరిచేయాలంటే ఆ అంకెను ఎవిడీమక్స్ సాఫ్ట్‌వేర్‌లో ‘షిఫ్ట్’ దగ్గర వేసి, ‘కాపీ’ పద్ధతిలో కొత్త ఫైలుగా భద్రపరచండి. బొమ్మ నాణ్యత తగ్గదు.

తేడా సమానంగా పెరుగుతూ పోతే, అంటే సగంలో మూడు సెకన్లు, చివర్లో ఆరు ఉంటే, లోపం ఫ్రేముల లెక్కలోనో శబ్దం నమూనాల లెక్కలోనో ఉంది. ఇక్కడ జరిపి లాభం లేదు. మొదలు కలిస్తే చివర విడిపోతుంది. రెండింటి నిడివినీ సమం చేయాలి. బొమ్మ లెక్క మార్చడమే మేలు. శబ్దాన్ని సాగదీస్తే శ్రుతి మారి అత్తగారి గొంతు ఆడపడుచు గొంతులా వినిపించవచ్చు. ఏవీఐ ఫైళ్లకు వర్చువల్‌డబ్‌లో శబ్దం నిడివికి బొమ్మను సరిపెట్టే ఏర్పాటు ఫ్రేమ్ రేట్ మెనూలోనే ఉంది. ఫోన్‌తో తీసిన వీడియోలది ఈ జబ్బుకు తోబుట్టువు. వెలుతురును బట్టి ఫోన్ ఫ్రేముల వేగాన్ని తగ్గిస్తూ పెంచుతూ పోతుంది. వాటిని ఎడిటింగ్‌కు ఇచ్చే ముందు హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ ఎంచుకుని మార్చుకుంటే గొడవ చాలామటుకు తీరుతుంది.

మూడోది మొండిది. తేడా ఉన్నట్టుండి గెంతుతుంది. లింబాయత్ వీడియో జబ్బు ఇదే. మొదట్లో సున్నా, సగంలో ఒకటి, చివర ఆరు. సమానంగా పెరిగి ఉంటే సగంలో మూడు ఉండాలి కదా! టేపు అరిగిన చోట, బూజు పట్టిన చోట సిగ్నల్ తడబడుతుంది. క్యాప్చర్ కార్డు అక్కడ కొన్ని ఫ్రేములను వదిలేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా నడుస్తుంది. మూడు గంటల టేపులో 2,70,000 ఫ్రేములుంటాయి. అందులో 150 జారిపోతే చాలు, బొమ్మ ఆరు సెకన్లు ముందుకు పోతుంది. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌ను ముంచెత్తింది. అప్పుడు తడిసి, ఆరబెట్టి దాచుకున్న క్యాసెట్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

దీనికి రెండు దారులు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని బొమ్మ నుంచి విడదీసి, తేడా గెంతిన చోటల్లా ముక్కచేసి, ఏ ముక్కకు ఆ ముక్క సరిచేయడం ఒకటి. ఓపిక ఉంటే అవుతుంది. టేపును మళ్లీ ఎక్కించడం రెండోది, మెరుగైనది. ఈసారి వీసీఆర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ ఉండాలి. తడబడే సిగ్నల్‌ను అది నిలకడ చేస్తుంది. పని అప్పగించేటప్పుడే స్టూడియోను రెండు ప్రశ్నలు అడగండి: ఈ పరికరం ఉందా? ఎన్ని ఫ్రేములు జారాయో చెబుతారా? మంచి క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ ఆ లెక్క చూపిస్తుంది.

ఇంత చిన్న తేడాకు ఇంత హడావుడి ఎందుకంటారా? చాకిరేవులో బట్ట బండను తాకడం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. మెరుపూ ఉరుమూ అంతే. అందుకే ఆలస్యంగా వచ్చే శబ్దాన్ని మనసు కొంత మన్నిస్తుంది. ముందే వచ్చే శబ్దాన్ని మన్నించదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫార్సు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవారు పసిగడతారు. ఆరు సెకన్లంటే 6,000 మిల్లీసెకన్లు. అంత ఎడంలో మాట మనిషిది కాకుండా పోతుంది.

లింబాయత్ కుటుంబం చేసిన మంచిపని ఒక్కటే: ఫైలు చేతికొచ్చింది కదా అని క్యాసెట్‌ను పారేయలేదు. మరోచోట మళ్లీ ఎక్కిస్తే ఈసారి తండ్రి పెదవి, మాట కలిశాయి. ఇల్లంతా ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పి తిప్పి చూసిందట. అందరికీ ఆ అవకాశం ఎంతకాలమో ఉండదు. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది. నడిచే యంత్రాలు తగ్గిపోతున్నాయి. టేపులు ముసలివవుతున్నాయి. ఫైలును మొదటి నుంచి చివరిదాకా చూసి, మూడు దెబ్బలూ సరిచూసుకునే వరకు క్యాసెట్‌ను బీరువాలోంచి కదలనివ్వకండి.

ఆ తండ్రి కూతురి గురించి చెప్పిన మాటే టేపుకూ చెల్లుతుంది. పైలం.