వెతికితే దొరికే తెలుగు



తెలుగు బడి అంటే అఆలు, గుణింతాలు, పద్యాలు, వార్షికోత్సవం నాడు నాటికలు. ఇవన్నీ ఉండాల్సిందే. వీటితో పాటు పెద్ద తరగతుల పిల్లలకు ఇంకొక పని కూడా నేర్పాలని మా అభిప్రాయం. వెబ్ పేజీలో ఉన్న తెలుగును ఒక చిన్న ప్రోగ్రాముతో వెతికి, కావలసిన ముక్కను బయటకు తీయడమే ఆ పని. "వారానికి రెండు గంటలు తెలుగు కోసం పంపిస్తే అక్కడ కూడా కంప్యూటరేనా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం.

జావా వంటి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలో వెబ్ పేజీ ఒక వంశవృక్షం లాంటిది. పేజీ మొత్తం ఒక ఆబ్జెక్టు. అందులోని ప్రతి శీర్షిక, ప్రతి పేరా, ప్రతి లింకు మళ్ళీ ఒక్కొక్క ఆబ్జెక్టు. జేసూప్ అనే ఉచిత లైబ్రరీతో తెలుగు వికీపీడియాలో సంక్రాంతి పేజీని తెరిచి, "నీలో ఉన్న శీర్షికలన్నీ ఇవ్వు" అని ఒక్క వాక్యంలో అడగవచ్చు. దొరికిన ప్రతి శీర్షికనూ "నీ పాఠ్యం ఏమిటి? నీ తల్లి ఎవరు? నీ పిల్లలెవరు?" అని మళ్ళీ అడగవచ్చు. తోబుట్టువును పిలవాలంటే ఇంగ్లీషులో ఒకటే మాట కాబట్టి, జావా వాళ్ళు దానికి 'ముందు', 'తరువాత' అని తగిలించుకోవాల్సి వచ్చింది. మన పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. ముందున్నవాడు అన్న, తరువాతివాడు తమ్ముడు! వరసలు తెలిసిన పిల్లవాడికి ఈ పాఠం సగం వచ్చేసినట్టే.

ఇక అక్షరాల సంగతి. 'తెలుగు'లో ఎన్ని అక్షరాలు అంటే మన పిల్లలు మూడు అంటారు. జావాను అడిగితే ఆరు అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని విడివిడిగా లెక్కపెడుతుంది మరి. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం, దానికి మాత్రం ఆరు. గుణింతం, ఒత్తు ఎందుకు నేర్చుకోవాలో పలక మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క లెక్కతో ఎక్కుతుంది. అందుకే ఇది కంప్యూటర్ పాఠం కాదు, తెలుగు పాఠమే అంటున్నాం.

అయితే అసలు విషయం వేరే ఉంది. ప్రోగ్రాము పేజీలో అక్షరాలుగా ఉన్నదాన్నే తీయగలదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా 2000ల తొలి ఏళ్ళలో ఈనాడు వంటి పత్రికల పేజీలు తమ సొంత ఫాంటులతో వచ్చేవి. తెర మీద చక్కని తెలుగు కనిపించేది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళమే. ఆ గందరగోళాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చడానికి వెన్న నాగార్జున గారు 'పద్మ' అనే ఉపకరణం తయారుచేశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మాత్రం యూనికోడ్‌లోనే పెరిగింది. అందుకే ఇవాళ మన పిల్లల ప్రోగ్రాముకు అక్కడ జవాబు దొరుకుతోంది.

ట్వెల్వ్ మైల్ రోడ్ మీది మన లైబ్రరీలో కేటలాగులోకి ఎక్కని పుస్తకం ఒకటి ఉందనుకోండి. అది ఏదో ఒక అలమరలో ఉన్నా, అడిగినవాళ్ళకు లేనట్టే. బొమ్మగా అతికించిన తెలుగు, పాత డీటీపీ ఫాంటులో దాగిన తెలుగు కూడా అలాంటివే. బొమ్మను చదివి అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉంది కానీ, ఒత్తుల దగ్గర తడబడుతుంది, మళ్ళీ మనిషి దిద్దాలి. మన పిల్లలు ఏ సందేహం వచ్చినా వెతికే తెలుసుకుంటారు. వెతికితే తెలుగులో దొరకనిది తెలుగులో లేదనే అనుకుంటారు. అడిగినదానికి జవాబు చెప్పే కృత్రిమ మేధ కూడా చాలావరకు వెబ్‌లో దొరికిన పాఠ్యం చదివి నేర్చుకున్నదే. మనం పెట్టనిది అది ఎక్కడి నుంచి నేర్చుకుంటుంది?

తీసుకోవడంలో మర్యాద కూడా నేర్పాలి. ఏ పేజీలను ప్రోగ్రాములు తాకవచ్చో సైటు వాళ్ళు చెప్పి ఉంటే ఆ మాట వినాలి. ఒకేసారి వందల పేజీలు అడిగి వాళ్ళ సర్వరును ఇబ్బంది పెట్టకూడదు. పెద్దమొత్తంలో కావాలంటే వికీపీడియా మొత్తం ప్రతిని విడిగా ఇస్తుంది. తీసుకున్నది మళ్ళీ ప్రచురిస్తే ఎక్కడిదో చెప్పి తీరాలి. అడగకుండా పక్కింటి పెరట్లో పూలు కోయకూడదని ఇంట్లో చెప్పే మాటే ఇది.

కనుక మా మనవి ఇది. పెద్ద తరగతి పిల్లలు ఈ ఏడాది ఒక్కొక్క పండుగ పేజీ నుంచి మాటలు సేకరించి, తప్పులు దిద్ది, చిన్న తరగతులకు చదువుకునే కార్డులు తయారుచేయాలి. సంచికకు పిల్లలు రాసే రచనలను వాళ్ళే యూనికోడ్‌లో టైపు చేయాలి, ఇప్పుడు ప్రతి ఫోనులోనూ తెలుగు కీబోర్డు ఉంది. అచ్చుకు పీడీఎఫ్ ఎలాగూ కావాలి. దానితో పాటు అదే పాఠ్యాన్ని అక్షరాల రూపంలో బడి వెబ్‌సైటులో ఉంచాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. వేసవిలో ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చే అమ్మమ్మలు, తాతయ్యల దగ్గర ఉన్న సామెతలు, పొడుపు కథలు, ఊరి మాటలు ఎన్నో ఇంకా ఏ పేజీలోనూ లేవు. ఎంత గొప్ప ప్రోగ్రాము రాసినా అవి రావు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, అడిగి, విని, టైపు చేయాలి. ఆ పని మన పిల్లలు చేస్తే బాగుంటుంది. వాళ్ళకు తెలుగు వస్తుంది, తెలుగుకు వాళ్ళు దొరుకుతారు.